బిగించని బోల్టు

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్‌కు పోయే సందులో ఈదయ్యకు రేకుల షెడ్డు ఉండేది. మహబూబ్‌నగర్ నుంచి మట్టిపనికి వచ్చి, లారీ మెకానిక్ అయినవాడు. 1996 ఎండాకాలంలో ఎంకయ్య అనే డ్రైవరు తన పాత లారీని అక్కడికి తెచ్చాడు. ముప్పై ఏళ్లు స్టీరింగు తిప్పీ తిప్పీ అతని కుడి భుజం పట్టేసింది. చెయ్యి తల దాకా లేవదు. పవర్ స్టీరింగ్ పెట్టిస్తే తప్ప బండి నడపలేనన్నాడు.

కొత్త స్టీరింగ్ బాక్సు, పంపు బిగించడం తొందరగానే అయింది. షాఫ్టు దగ్గరే చిక్కొచ్చింది. స్టీరింగు నుంచి కిందికి దిగే ఆ పాత ఇనుప కడ్డీ కొత్త బాక్సుకు సూటిగా అందదు. దాన్ని కోసి, చివర మడతపడే జాయింటు వేసి కలపాలి. ఆదివారం మధ్యాహ్నం, ముందు చక్రాలు జాకీల మీద ఉండగా, ఈదయ్య లారీ కింద వెల్లకిలా పడుకుని షాఫ్టు పళ్లను జాయింటులోకి ఎక్కించాడు. బోల్టు ఇంకా బిగించలేదు.

"అయిందా, ఈదయ్యా?" క్యాబిన్‌లోంచి ఎంకయ్య అడిగాడు.

"అయింది... జర ఆగు!"

మొదటి మాటే పైకి వినబడింది. ఇంజన్ మోగింది. ఎంకయ్య ఉత్సాహంగా స్టీరింగు తిప్పాడు. బాక్సు నుంచి వేలాడే ఇనుప ఆర్మ్ పంపు బలంతో వచ్చి ఈదయ్య ఎడమ ముంజేతిని చాసిస్ బ్రాకెట్టుకేసి అదిమింది.

అరుపు విని ఎంకయ్య ఇంజన్ ఆపి స్టీరింగు వెనక్కి తిప్పాడు. అది ఊరికే గిర్రున తిరిగింది. షాఫ్టు జాయింటులోంచి జారిపోయింది.

ఎంకయ్య దిగి కిందికి వంగి చూశాడు. "మనుషులను పిలుచుకొస్త!"

"పోకు! నన్ను ఇడిసి ఎటూ పోకు!"

సందులో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఈదయ్య చెంప మీద నూనె చుక్కలు పడుతున్నాయి. తల తిప్పుదామంటే ముక్కుకు జానెడు దూరంలో ఇనుప ఇరుసు. వేళ్లు తిమ్మిరెక్కి, తనవి కానట్టు అయ్యాయి.

"షాఫ్టు మళ్ల ఎక్కియ్యాలె. బోల్టు షాఫ్టు మీది గాడికి సరిగ రావాలె," అన్నాడు.

ఎంకయ్య పక్కనుంచి దూరి, లేవని భుజాన్ని పళ్లు బిగపట్టి లేపాడు. షాఫ్టు రెండుసార్లు జారింది. మూడోసారి దిగబడింది. బోల్టు దూర్చి, పానాతో బిగించి క్యాబిన్ ఎక్కాడు.

"ఇంజన్ వేస్తే అల్కగ తిరుగుతది గదా?"

"వద్దు! దిక్కు తప్పితే చెయ్యి పోతది. ఉత్త చేతులతోనే తిప్పు."

"ఎడమకా, కుడికా?"

కింద పడుకున్నవాడి ఎడమ, పైనున్నవాడి ఎడమ ఒకటి కావు. ఈదయ్య కళ్లు మూసుకుని ఆలోచించాడు.

"క్లీనర్ కూసునే దిక్కు. నిమ్మళంగ."

పైన ఎంకయ్య మూలుగు వినబడింది. ఆర్మ్ వెంట్రుకవాసి కదిలింది. తర్వాత వేలంత. ఈదయ్య చెయ్యి లాక్కుని, పాకుతూ ఎండలోకి వచ్చి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఎంకయ్య పక్కనే కూలబడి ఏడ్చాడు.

"నేను ముందుగాల బోల్టు బిగించి మాట్లాడాల్సింది," అన్నాడు ఈదయ్య.

ఎముక చిట్లిందని దవాఖానలో కట్టు కట్టారు. మిగిలిన పని ముషీరాబాద్‌లోని ఇంకో మెకానిక్ పూర్తిచేశాడు. ఎంకయ్య మళ్లీ బండెక్కాడు.

కట్టు విప్పాక ఈదయ్య లారీ కిందికి దూరేముందు తాళంచెవి జేబులో వేసుకోవడం అలవాటు చేసుకున్నాడు. అయినా పైన తలుపు చప్పుడైతే చాలు, రెండు చేతులూ గుండెల మీదికి లాక్కునేవాడు.