తలుపులు తెరుచుకునే ఫియట్

సాంచలు ఆగిపోయిన నాటి నుంచి నర్సింగానికి తిట్టడానికి మనుషులు కరువయ్యారు.

సూరత్ దగ్గర జోల్వాలో ఒక సేఠ్ సాంచల షెడ్డుకు, అంటే మరమగ్గాల షెడ్డుకు, అతను మాస్టర్. దారం తెగినా, మోటారు వేడెక్కినా, ఒడిశా కుర్రాడు బీడీకని వెళ్లి తిరిగి రాకపోయినా నర్సింగం గొంతు లేవాల్సిందే. అంత మోతలో వినబడాలంటే అంత గొంతూ ఉండాలి మరి. రెండువేల ఇరవై మార్చిలో లాక్‌డౌన్ వచ్చి షెడ్డుకు తాళం పడింది. గొంతుకు మాత్రం ఎవరూ తాళం వేయలేదు కనుక అది ఇంటికొచ్చేసింది.

ఇంట్లో ఉన్నది ఇద్దరే. భార్య ఐలమ్మ, కాలేజీలో చదువుతున్న కూతురు చాందిని. పొయ్యి మంట ఎంత ఉండాలి, పప్పు ఎప్పుడు దించాలి, చాందిని ఫోనులో పాఠం వినేటప్పుడు మెడ ఎటు తిప్పాలి, ఇవన్నీ ఇన్నేళ్లు మాస్టర్ లేకుండా ఎలా జరిగిపోయాయో అతనికి అర్థం కాలేదు. ఐలమ్మ ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్లు అంటించే పని చేస్తుంది. పట్టకారుతో ఒక్కో రాయి తీసి జిగురు చుక్క మీద పెట్టాలి. ఎలా కూర్చుంటే ఆ పని తొందరగా తెములుతుందో కూడా నర్సింగం నేర్పబోయాడు. ఈయనకు ఏదో ఒక పని తగిలించు తండ్రీ అని ఐలమ్మ మొక్కుకుంది. ఏ దేవుడికి మొక్కిందో గానీ, ఆ దేవుడు వివరాలు అడగకుండానే వరం ఇచ్చేశాడు.

ఆ వరం వాట్సాప్‌లో వచ్చింది. సూరత్‌లో స్థిరపడ్డ తెలంగాణ బంధువులంతా ఉన్న గ్రూపు అది. పొద్దున్నే కషాయాలు, మధ్యాహ్నం పుకార్లు, సాయంత్రం మళ్లీ కషాయాలు. వాటి మధ్య ఒకనాడు కామ్‌రేజ్‌లో చీరల ప్యాకింగ్ చేయించే లక్ష్మీరాజం ఒక ఫొటో పెట్టాడు. అగ్గిపుల్లలతో చేసిన గుడి గోపురం. గ్రూపు గ్రూపంతా చేతులు జోడించింది. మయబ్రహ్మ అన్నారు. నీ చేతుల్లో సరస్వతి ఉందన్నారు. లక్ష్మీరాజం ప్రతి ఒక్కరికీ విడివిడిగా నమస్కారం పెట్టుకుంటూ వచ్చాడు. నర్సింగం ఆ నమస్కారాలన్నీ ఓపిగ్గా చదివాడు. తర్వాత ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన అభిప్రాయం రాశాడు: "అగ్గిపుల్లలు అంటిచ్చుడు చిన్నపోరల పని. నేను కారు జేస్త. తలుపులు తెరుసుకుంటయ్. స్టీరింగ్ తిప్పుతె గీరెలు తిరుగుతయ్."

చాందిని అది చూసి, బాపూ డిలీట్ చెయ్యమంది. చెయ్యడం అతనికి రాదు. వచ్చినా చేసేవాడు కాదు. అప్పటికే లక్ష్మీరాజం జవాబు వచ్చేసింది: "ఎదురుచూస్తం అన్నా." పక్కన యథాప్రకారం రెండు చేతులు.

ఏ కారు అన్న ప్రశ్న రాలేదు. నర్సింగానికి దగ్గరగా తెలిసిన కారు ఒక్కటే. సేఠ్ తండ్రిగారి పాత ఫియట్. షెడ్డు వెనకాల టార్పాలిన్ కింద ఏళ్ల తరబడి విశ్రాంతి తీసుకుంటోంది. సడలింపులు రాగానే వాచ్‌మన్‌ను మంచి చేసుకుని, టేపు పట్టుకుని వెళ్లి కొలిచాడు. అసలు కారులో అడుగు తన కారులో అంగుళం. పొడవు, వెడల్పు, ఎత్తు, బంపరు, లైటు దాకా అన్నీ అరచేతి మీద రాసుకున్నాడు. వచ్చేటప్పుడు దారిలో చెమటకు కొన్ని చెరిగాయి. అవి గుర్తున్నాయని అనుకున్నాడు.

వెనక గదిలో తలుపేసుకుని, చీరల డబ్బాల అట్టను కత్తిరించి కింది భాగం చేశాడు. పూర్తయ్యాక తలుపు తీసి ఇద్దరినీ పిలిచాడు. ఐలమ్మ చేతిలో పట్టకారుతోనే వచ్చి చూసింది. చాందిని చుట్టూ తిరిగి చూసి, "బాపూ, కారమ్ బోర్డు మస్త్ జేసినవ్" అంది.

షెడ్డు దగ్గర అసలు కారు పొడవును అంగుళాల్లో కొలిచాడు. వెడల్పు దగ్గరకు వచ్చేసరికి టేపు మెలి తిరిగి సెంటీమీటర్ల వైపు పైకి వచ్చింది. అంకె చూశాడు గానీ అది ఏ వైపు అంకె అన్నది చూడలేదు. అందుకని ఆ కారుకు పొడవెంతో వెడల్పూ అంతే వచ్చింది. షెడ్డులో కుర్రాడెవడైనా ఈ పని చేసి ఉంటే వాడి తాతముత్తాతల దాకా వెళ్లేవాడు. ఇప్పుడు మాత్రం పాత ఫియట్‌లు వెడల్పుగానే ఉండేవనీ, ఈ కాలం పిల్లలకు తెలియదనీ రెండు రోజులు వాదించాడు. మూడో నాడు ఎవరూ చూడకుండా అట్టను విరిచి చెత్తలో పడేశాడు.

మళ్లీ కొలిచి, మళ్లీ చేశాడు. ఈసారి కారులాగే వచ్చింది. గ్రూపులో ఒక ఫొటో కూడా పెట్టాడు, ముందు భాగానిది మాత్రమే, ఎందుకంటే వెనక భాగం ఇంకా చీరల డబ్బాలాగే ఉంది. అంతలో వానలు పడ్డాయి. సూరత్ వానలకు గోడలే చెమ్మగిల్లుతాయి, అట్ట సంగతి చెప్పాలా. ఒక పొద్దున లేచి చూస్తే కారు నాలుగు చక్రాలూ పక్కలకు చాపి బోర్లా పడుకుని ఉంది. గుడి ఎట్లుందని చాందిని చేత లక్ష్మీరాజాన్ని అడిగించాడు. అగ్గిపుల్లలకు వార్నిష్ పూశాననీ, మంచిగానే ఉందనీ అతను చెప్పాడు. ఆ పూట నర్సింగం అన్నం సరిగా తినలేదు.

అట్ట ఇక పనికి రాదని తేలిపోయింది. దీపావళికి ముందు సాంచలు మళ్లీ మొదలయ్యాయి. మాస్టర్‌కు తిట్టడానికి మనుషులు దొరికారు. ఇక కారు పీడ వదిలిందని ఐలమ్మ సంబరపడింది. ఆ సంబరం వారపు సెలవు దాకా నిలిచింది. సెలవు నాడు ఖాళీ నూనె డబ్బాలు నాలుగు చంకన పెట్టుకుని నర్సింగం వెనక గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

రేకు పని మొదలయ్యాక, నిజం చెప్పాలంటే, అతనిలో ఏదో మారింది. కత్తెరతో రేకు కోసేటప్పుడు అరవడం కుదరదు, చెయ్యి అదురుతుంది. పైకప్పు వంపు రావడానికి రేకును రోకలి మీద పెట్టి చిన్న సుత్తితో నెలల తరబడి కొట్టాడు. ముందరి జాలీకి పారేసిన మగ్గం ఫణిని విప్పాడు. దారాలు కలవకుండా విడదీసే ఆ సన్న ఇనుప పుల్లలు వరసగా పేరిస్తే అచ్చం ఫియట్ మూతిలాగే వచ్చింది. తలుపులకు రవికె హుక్కులే బందులూ పిడులూ అయ్యాయి. తెరుచుకున్నాయి, మూసుకున్నాయి కూడా. లైట్ల కోసం ఐలమ్మ దగ్గరున్న రాళ్లలో అన్నిటికన్నా పెద్దవి రెండు చెప్పకుండా తీసుకున్నాడు. వ్యాపారి చీర వెనక్కి పంపి, పల్లూ మీద నెమలికి కళ్లు లేవన్నాడు. ఐలమ్మ వెనక గది తలుపు దగ్గర నిలబడి కారు వైపు చూసింది. నెమలి ఆమె వంక చూస్తోంది. అప్పుడు ఆమె అన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు.

స్టీరింగ్ కూడా కుదిరింది. కుడికి తిప్పితే చక్రాలు ఎడమకు తిరిగేవి. తిరగడమైతే తిరిగాయి. గ్రూపులో తను ఇచ్చిన మాటలో ఎటు అని ఎక్కడా చెప్పలేదని నర్సింగం గుర్తు చేసుకున్నాడు.

మిగిలింది రంగు. మీగడ రంగు కలిపించి, కుంచె గీతలు పడుతున్నాయని గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ వేసి, మళ్లీ రుద్ది, చివరికి గాజుబిళ్లలా నున్నగా తెచ్చాడు. అప్పటికి ఏడాది తిరిగి ఏప్రిల్ వచ్చింది. ఊళ్లో అంబులెన్సులు ఆగకుండా తిరుగుతున్నాయి. ఆసుపత్రుల్లో మంచాలు లేవని విన్నారు. సూరత్ బంధువుల గ్రూపులో కషాయాలు తగ్గి ఫొటోలకు దండలు పెరిగాయి. నర్సింగం గ్రూపు తెరవడం మానేశాడు. ఆదివారం మధ్యాహ్నం దుమ్ము పడకుండా తలుపూ కిటికీ మూసి ఆఖరి పూత వేస్తున్నాడు. పొద్దున్నించీ ఒళ్లు నొప్పులుగా ఉంది. వంగి పని చేసినందుకే అనుకున్నాడు.

ముందుగా వెనకింటి కొమురవ్వ వచ్చి, మీ ఇంట్లో ఏం ఒలికిందని అడిగింది. ఐలమ్మ వెనక గది తలుపు తోసింది. లోపలి నుంచి వచ్చిన ఘాటుకు కళ్లల్లో నీళ్లు తిరిగి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. రంగు పలచన చేసే థిన్నర్ సీసా కారు మీదికి ఒలికి, వెనకాల పడిపోయి ఉంది. కాగితాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆ మధ్యలో నర్సింగం కళ్లజోడు ముక్కు చివరకు జార్చుకుని, పైకప్పు మీద సుతారంగా కుంచె ఆడిస్తున్నాడు.

"గీ వాసనల ఎట్ల గూసున్నవయ్యా?" అంది ఐలమ్మ.

"ఏం వాసన?" అన్నాడు నర్సింగం.

అని, ఆమె చూపిన వైపు చూశాడు. కారు అవతలి పక్కంతా రంగు ఉడికిపోయి, ముడతలు పడి, కిందికి జారుతోంది. బానెట్ మీద రేకు తేలింది. నూనె కంపెనీ వాళ్ల పొద్దుతిరుగుడు పువ్వు ఒక తలుపు మీద మెల్లగా బయటపడుతోంది. అతని నోటి నుంచి ఒక మూలుగు లాంటిది వచ్చింది. ఏడాది పని. ఐలమ్మ కూడా బాధపడుతుందేమోనని తలెత్తాడు. ఆమె కారును చూడటం లేదు. అతన్నే చూస్తోంది.

చాందిని వంటింట్లోకి పరుగెత్తి మామిడికాయ పచ్చడి జాడీ తెచ్చి, మూత తీసి అతని ముక్కు కింద పెట్టింది. వెల్లుల్లి పోపు, ఆవపిండి, అన్నీ ఉన్నాయి అందులో. నర్సింగం గట్టిగా పీల్చాడు. మళ్లీ పీల్చాడు. తర్వాత అందులో పచ్చడి ఉందో లేదోనని జాడీలోకి తొంగి చూశాడు.

పరీక్షలో కరోనా అని తేలింది. ఆసుపత్రికి వద్దు, అక్కడ చోటు లేదు, ఇంట్లోనే వేరే గదిలో ఉంచండి అన్నారు. ఉన్న వేరే గది అదొక్కటే. అలా నర్సింగం, ఫియట్ ఒకే గదిలో పడ్డారు. ఇద్దరి పరిస్థితీ చెప్పుకోదగ్గదిగా లేదు. జ్వరం, దగ్గు, రెండు మెట్లు ఎక్కినట్టు మాట మాటకూ ఆయాసం. ఐలమ్మ గడప అవతల గిన్నె పెట్టి, తినేదాకా అక్కడే నేల మీద కూర్చునేది. పొయ్యి గురించి గానీ పప్పు గురించి గానీ అతను ఒక్క మాట అనలేదు. ఆమెకు అదే ఎక్కువ భయం వేసింది.

వేలికి పెట్టి ఊపిరి చూసే మిషను ఎక్కడా దొరకలేదు. చాందిని గ్రూపులో అడిగింది. గంటసేపటికి వెనక కిటికీ దగ్గర స్కూటర్ ఆగింది. లక్ష్మీరాజం. మాస్కు మీద మాస్కు, పైన చేతిరుమాలు. కామ్‌రేజ్ నుంచి అంత దూరం వచ్చి, కిటికీ ఊచల్లోంచి మిషను లోపలికి జారవిడిచి, ఎలా పెట్టుకోవాలో చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. కిటికీకి ఎదురుగా బల్ల మీద ఫియట్ ఉంది, దాని కింద థిన్నర్‌కు తడిసి అట్టకట్టిన కాగితాలూ, పక్కకు ఒరిగిన ఖాళీ సీసా అలాగే ఉన్నాయి.

దాని మీద దుప్పటి కప్పాలని నర్సింగానికి అనిపించింది. దుప్పటి తన మీదే ఉంది. లేవడానికి సత్తువ లేదు.

"గదేనా అన్నా?" అన్నాడు లక్ష్మీరాజం.

"గదే."

"తలుపులు తెరుసుకుంటయా?"

నర్సింగం మంచం మీద నుంచే చెయ్యి చాచాడు. రవికె హుక్కు పట్టుకుని లాగితే తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. లక్ష్మీరాజం ఊచలకు ముఖం ఆనించి చాలాసేపు చూశాడు. ఒక ఫొటో తీసుకుంటానన్నాడు. వద్దని చెప్పడానికి నర్సింగానికి ఊపిరి చాలలేదు. ఇన్నాళ్లకు వీడికి వెక్కిరించడానికి కడుపునిండా విందు దొరికిందని మాత్రం అనుకున్నాడు. తర్వాత జ్వరం ముంచుకొచ్చింది. మిషనులో అంకె ఒక రెండు రోజులు అందరినీ ఏడిపించి, మెల్లగా పైకి ఎక్కడం మొదలెట్టింది.

దగ్గు కొంచెం తగ్గాక చాందిని గడప అవతల నుంచి ఫోను చాపి చూపించింది. లక్ష్మీరాజం ఆ ఫొటోను గ్రూపులో పెట్టి, "నర్సింగమన్న కారు. తలుపులు నిజంగనే తెరుసుకుంటయ్" అని మాత్రం రాశాడు. కింద చేతులు జోడించినవాళ్లకు లెక్క లేదు. ఎండకూ వానకూ నిలబడ్డ పాత బండి అచ్చం ఇట్లాగే ఉంటుందని ఒకరు. తుప్పు కూడా సరిగ్గా ఎక్కడ పట్టాలో అక్కడే పట్టించాడని ఒకరు. ఆ పొద్దుతిరుగుడు పువ్వు మీద పాత స్టిక్కరు చిరిగినట్టుందని ఇంకొకరు. అంత పాతదనం ఎట్లా తెచ్చావన్నా అని కొందరైతే బతిమాలారు.

ఆ రోజు నర్సింగం దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నాడు. ఫోను అడిగి తీసుకుని, రంగు పూర్తిగా ఆరకముందే థిన్నర్ ఎలా వదలాలో, ఒక పక్క నుంచే ఎందుకు వదలాలో, ఈ పని తొందరగాళ్ల వల్ల ఎందుకు కాదో మాట్లాడి పంపాడు. మధ్య మధ్య ఆయాసం వల్ల అది మూడు ముక్కలుగా వెళ్లింది. గడప దగ్గర ఐలమ్మ మొత్తం విన్నది. గిన్నె తీసుకుని లేచిపోతూ, రోగం తగ్గినట్టేనని చాందినికి చెప్పింది.

జవాబుల్లో లక్ష్మీరాజం పేరు కోసం నర్సింగం రోజంతా చూశాడు. ఆ ఒలికిన సీసాను చూసిన బయటివాడు గ్రూపులో అతనొక్కడే. అతనూ రెండు చేతులే పెట్టాడు. అవి మెచ్చుకునే చేతులో వెక్కిరించే చేతులో ఎంతసేపు చూసినా తేలలేదు.

జూన్‌లో లక్ష్మీరాజం తన మిషను తీసుకుపోవడానికి వచ్చాడు. ఈసారి ముందు గుమ్మం నుంచే వచ్చి, ఐలమ్మ ఇచ్చిన చాయ్ తాగి, ఫియట్‌ను ఒళ్లో పెట్టుకుని తలుపులన్నీ వేసి తీశాడు. స్టీరింగ్ ఒక వైపు తిప్పి చూసి, మళ్లీ రెండో వైపు తిప్పి చూశాడు. తను మళ్లీ ఒక గుడి మొదలుపెట్టాననీ, ఈసారి పాతకాలపు గుడిలా కనబడాలనీ, ఆ పాతదనం ఎట్లా తేవాలో చెప్పమనీ అడిగాడు.

నర్సింగం ఫియట్‌ను అతని ఒళ్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"రాజం తమ్మీ, అది ఒలికిందని నీకెర్కనే గద" అన్నాడు.

"ఎర్కనే అన్నా. ఎట్లొలికిందో జెప్పు. నేను గూడ గట్లనే ఒలకబోస్త."