మోషే పావురం

నంద్యాల బడిపంతులు మోషే సువార్త మ్యాజిక్ చేస్తాడంటే చాలు, బండి ఆత్మకూరు మొదలు ఉయ్యాలవాడ దాకా ఏ చర్చి అయినా నిండిపోయేది. ఖాళీ గంపలోంచి కుందేలు దూకేది. వట్టి రుమాల్లోంచి పావురం లేచేది. ప్రతిదానికీ ఒక బైబిలు వాక్యం ముడిపెట్టి చెప్పేవాడు. ఆ జీవాలకు మేత వేసేదీ, వేదిక మీద పక్కన నిలబడి అన్నీ అందించేదీ ఆయన భార్య సారమ్మ. ఎన్నిసార్లు చూసినా ఆయన చేతుల్లో పావురం ఒదిగిపోయే తీరు ఆమెకు విసుగు పుట్టించలేదు.

డెబ్బయ్యెనిమిదిలో ఆళ్ళగడ్డ చర్చివాళ్ళు పిలిచారు. ఆదివారం మధ్యాహ్నానికే ఆవరణ కిటకిటలాడింది. చర్చి గడప ఎన్నడూ తొక్కనివాళ్ళు కూడా వచ్చారు. చివర్లో మోషే, చచ్చిపోయి యేసు పిలుపుతో లేచిన లాజరు కథ ఎత్తుకున్నాడు. తెల్ల పావురం తలను రెక్క కింద దోపి, మెల్లగా ఊపి, బల్ల మీద పడుకోబెట్టాడు. అది కదల్లేదు.

"సచ్చిపాయె!" అన్నారెవరో.

"లేచి రా!" అని మోషే చిటిక వేశాడు. పావురం రెక్కలు టపటపలాడించి సారమ్మ భుజం మీద వాలింది. చప్పట్లు మోగిపోయాయి.

అవి ఆగకముందే పద్మమ్మ అనే కూలిమనిషి జనాన్ని తోసుకుంటూ వచ్చి, తన నాలుగేళ్ళ కూతుర్ని అదే బల్ల మీద పడుకోబెట్టింది. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. ఊపిరి అందక డొక్కలు ఎగరేస్తోంది.

"సామీ, పావురాన్ని బతికిస్తివి గదా. నా బిడ్డను గూడా లేపు."

ఆ చర్చి పాస్టరు అబ్రహాము మోషే చెవి దగ్గరికి వంగాడు. "ప్రార్థన చేసి పంపీ అన్నా. జనం నమ్మకం మీదుండారు, చెడగొట్టాకు."

మోషే ముఖం పాలిపోవడం సారమ్మ చూసింది. ఆయన ఆమె భుజం మీది పావురాన్ని తీసి పద్మమ్మ చేతుల్లో పెట్టాడు. తల ఎట్లా దోపాలో, ఎట్లా ఊపాలో చూపించాడు. పావురం ఆమె చేతుల్లోనూ చచ్చినట్టే పడుకుంది. వేలితో తట్టగానే లేచింది.

"చూస్తివా అక్కా? ఇది సావలేదు, నేను లేపలేదు. ఉత్త చేతివాటం. బిడ్డకు కావాల్సింది డాక్టరు. దేవుణ్ణి దావలో అడుగుదాం, లెయ్."

ఇన్నేళ్ళు భార్యకు తప్ప ఎవరికీ చెప్పని గుట్టు ఆయన ఊరందరి ముందూ విప్పేశాడు. సారమ్మకు గుండె నిండినట్టయింది. కుందేలు గంపను అక్కడే వదిలేసి పిల్లను ఎత్తుకుంది.

నంద్యాల పోతున్న శనక్కాయల లారీని అబ్రహామే అడ్డం నిలబడి ఆపాడు. దీపాలు పెట్టేలోపే ఆసుపత్రి చేరారు. ఊపిరితిత్తులకు నెమ్ము పట్టిందని డాక్టరు సూదిమందు మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి పిల్ల లేచి కూర్చుని గంజి తాగింది.

ఇక మ్యాజిక్కుకు ఎవరూ పిలవరని సారమ్మ బెంగపడింది. కానీ పాణ్యం చర్చివాళ్ళు పిలిచారు.

"కడాన మాచేత గూడా పావురాన్ని పండబెట్టిస్తావంట గదప్పా?" అని అడిగారు.

"రాండి, నేర్పిస్తా," అన్నాడు మోషే.

పాణ్యంలో ప్రదర్శన నాటి సాయంత్రం వేదిక ముందు వరుస కట్టిన ముసలీముతకా, ఒక్కొక్కరి చేతుల్లో పావురాన్ని ఓపిగ్గా సర్దుతున్న భర్తా. సారమ్మ మురిపెంగా చూస్తూ నిలబడిపోయింది.