ఎవరింట్లో పడుకున్నాడు?

దీవికి వచ్చేవాళ్ళకి మొదటి రోజు ఇసుక కొత్త, రెండో రోజు ఎండ కొత్త, మూడో రోజుకి రెండూ పాతబడిపోతాయి. అప్పుడు వసతిగృహం గుమస్తా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "అందరూ చూసేవి కాకుండా ఇంకేమైనా ఉన్నాయా?" అని అడుగుతారు. ఆ గొంతు తగ్గించడం ఎందుకో తెలీదు, గుమస్తా మాత్రం అందరికీ అదే పాఠం ఒప్పజెప్తాడు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు పగడపు దిబ్బల మీద నడవచ్చు. పాడుబడ్డ దీపస్తంభం ఎక్కి పక్షుల గూళ్ళు చూడొచ్చు. మడ అడవిలోకి పడవ మీద వెళ్ళి మాట్లాడకుండా కూర్చోవచ్చు. డబ్బులిచ్చి మరీ నోరు మూసుకుని కూర్చునేవాళ్ళు ఉంటారంటే దీవిలో పాతవాళ్ళు ఇప్పటికీ నమ్మరు. ఇవేవీ వద్దంటే ఆఖర్న గాజు పడవ ఉంది. నీళ్ళలో మునిగిన వీధి చూపిస్తారు.

"ఇళ్ళు కూడా కనిపిస్తాయా?" అని అడిగింది ఆ రోజు పొద్దున వచ్చినావిడ.

"ఇళ్ళు, బావి, రొట్టెల దుకాణం, అన్నీ కనిపిస్తాయండి. పడవాయన కథ కూడా చెప్తాడు. ఈ నెలాఖరు వరకే. తర్వాత కొత్త రేవు కోసం అక్కడంతా మట్టి పోసి పూడ్చేస్తున్నారు."

పూడ్చేస్తున్నారని తెలిసే ఆమె వచ్చింది. ఆ మునిగిన ఇళ్ళలో ఒకటి ఆమెదే. కథ చెప్పే పడవాయన ఆమె మరిది. ఈ రెండు ముక్కలూ గుమస్తాకి చెప్పకుండా టిక్కెట్టు కొనుక్కుని రేవు వైపు నడిచింది.

ఒకప్పుడు ఆమె ఆ కుటుంబానికి పెద్దకోడలు. అన్నదమ్ముల ఇళ్ళు రెండూ వీపులు ఆనించుకుని ఉండేవి. అన్న గుమ్మం ముందు వీధిలోకి, తమ్ముడి గుమ్మం వెనక వీధిలోకి. మధ్యగోడకి ఒక తలుపు ఉండేది, దానికి గొళ్ళెం వేసిన పాపాన ఎవరూ పోలేదు. తమ్ముడికి పిల్లల్లేరు. అన్నకి ఒక్కడే కొడుకు, ఏడేళ్ళవాడు. ఆ తలుపులోంచి అటూ ఇటూ పరుగులు పెడుతుంటాడని వాణ్ణి చిట్టెలుక అనేవారు. అమ్మ చేతి అన్నం ఇక్కడ, పిన్ని చేతి అన్నం అక్కడ. పొట్ట ఒక్కటే అయినా కంచాలు రెండు. నిద్ర ఎక్కడొస్తే అక్కడే పక్క. వాడు కనపడకపోతే తల్లి వెతికేది కాదు, పిన్ని కేకేసి అడిగేది కాదు. ఇక్కడ లేకపోతే అక్కడుంటాడు. ఆ ధీమా మీద రెండిళ్ళూ హాయిగా నిద్రపోయేవి.

ఒకరోజు తెల్లవారబోతుండగా సముద్రం ఊరి మీదికి వచ్చింది. అన్న ఇంటివాళ్ళు ముందు వీధిలోంచి, తమ్ముడి ఇంటివాళ్ళు వెనక వీధిలోంచి కట్టుబట్టలతో గుట్ట ఎక్కారు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. గుట్ట మీద బడి ఆవరణలో, ఆ జనం మధ్య ఒకరికొకరు కనపడేసరికి మిట్టమధ్యాహ్నమైంది. పెద్దకోడలు తన తోడికోడలి వెనక్కి చూసింది. తోడికోడలు ఈమె వెనక్కి చూసింది. "పిల్లాడేడీ?" అని ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

వాడు దొరకలేదు. ఆ పక్క నేల కుంగి రెండు వీధులూ నీళ్ళలోనే ఉండిపోయాయి. బతికినవాళ్ళకి మిగిలింది ఒకే మాట. "నీ దగ్గరే పడుకున్నాడు." "కాదు, నీ దగ్గరే." కలిసి ఏడవాల్సిన ఇద్దరు ఆడవాళ్ళు తప్పుని వాటాలేసుకోవడానికి కూర్చున్నారు, ఆ వాటా ఎంతకీ తెగలేదు. నెల తిరక్కుండా పెద్దకోడలు మొగుడితో కలిసి అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయింది. అక్కడ ఆస్పత్రి బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేచోట పనికి కుదిరింది. ఇరవై ఏళ్ళుగా పరాయివాళ్ళ దుప్పట్లు మడతపెడుతూ ఆ ఒక్క రాత్రినే తవ్వుకుంటోంది. వాడికి అన్నం పెట్టిందా? పెట్టింది. పక్క వేసిందా? వేసింది. తర్వాత వాడు లేచి తలుపు దాటాడా, లేదా? అక్కడికొచ్చేసరికి బుర్రలో ఏమీ లేదు. మొగుడు ఆ ఊసెత్తకుండానే కన్నుమూశాడు. మట్టి పోసేలోగా మరిదిని నిలదీసి ఆ సంగతి తేల్చుకోవాలి. పిల్లాడు ఆ రాత్రి మరిది ఇంట్లోనే ఉన్నాడని తేలితే, చచ్చేలోగా ఒక్క రాత్రయినా కంటినిండా నిద్రపోవచ్చు. ఆమెకి కావలసింది అంతే.

ఆకాశం ముసురేసి ఉంది. పడవలో ఒక కొత్తజంట, మెడలో కెమెరా వేసుకున్న లావుపాటాయన, ఒక తల్లి, ఆమె కూతురు ఎక్కారు. పెద్దకోడలు చివర్న కూర్చుని టోపీ కళ్ళ మీదికి లాక్కుంది. అంత జాగ్రత్త అక్కర్లేకపోయింది. పడవాయన ఎవరి మొహమూ చూడలేదు. టిక్కెట్లు చించాడు, మోటారు తాడు లాగాడు, అడుగున బిగించిన గాజు పలకలోకి చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు. మనిషి సగమైపోయాడు. ఆమెకి ముందు జాలేసింది, జాలేసినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"అది రొట్టెల దుకాణం. పొయ్యి చెక్కుచెదర్లేదు చూడండి. ఇప్పుడందులో ఒక పెద్ద చేప కాపురముంటోంది. అద్దె అడిగే నాథుడు లేడు." నవ్వారు. "అదిగో క్షవరాల కొట్టు. కుర్చీ మిగిలింది, తలలే లేవు." మళ్ళీ నవ్వారు. కొంచెం ముందుకెళ్ళాక మోటారు ఆపాడు. "ఇవి అన్నదమ్ముల ఇళ్ళు."

పెద్దకోడలు వంగింది. మొదట నాచు, ఇసుక, రాళ్ళు తప్ప ఏమీ తెలియలేదు. తర్వాత మెట్లు కనపడ్డాయి. పై మెట్టు అంచు విరిగి ఉంది, ఆమె చేతిలోంచి జారిన రోకలి పడి విరిగింది. ఆ మెట్టు మీద కూర్చోబెట్టి పిల్లాడికి తల దువ్వేది. మధ్యగోడ కూలిపోయింది గానీ తలుపు చట్రం మాత్రం అలాగే నిలబడి ఉంది. అందులోంచి చిన్న చేపలు ఇటు నుంచి అటు పోతున్నాయి.

"ఈ రెండిళ్ళకీ కలిపి ఒకడే పిల్లాడు," అన్నాడు పడవాయన. "మా అన్నకొడుకు. చిట్టెలుక అనేవాళ్ళం. ఆ రోజు మా ఇంట్లో పడుకున్నాడు."

ఆమె తలెత్తి అతని వైపు చూసింది. ఇరవై ఏళ్ళుగా తను ఏ మాట కోసం కొట్టుకుంటోందో దాన్ని ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఇంత తేలిగ్గా చెప్పేస్తున్నాడా ఇతను?

"నీళ్ళు గుమ్మంలోకి రాగానే దుప్పటితో సహా చంకనేసుకుని గుట్ట మీదికి లంఘించాను. దారంతా నిద్రే వెధవకి! పైకెళ్ళాక కళ్ళు నులుముకుని, 'చిన్నాన్నా, అప్పుడే తెల్లారిందా?' అన్నాడు."

పడవంతా నవ్వింది. చిన్నపిల్ల చప్పట్లు కొట్టింది. "ఇప్పుడెక్కడున్నాడు?"

"పెద్ద ఓడలో వంటవాడమ్మా. ఇంత పొట్ట! ఏడాదికోసారి వస్తాడు. వచ్చాడా, వాళ్ళమ్మ చేతి..." అంటూ నవ్వుతూ తలెత్తాడు. టోపీ కింద మొహం కనపడింది. నవ్వు అలాగే ఉండిపోయింది, మాట పోయింది.

"వాళ్ళమ్మ చేతి ఏంటి?" అంది పిల్ల.

అందరూ అతన్నే చూస్తున్నారు.

"చెప్పు," అంది పెద్దకోడలు. "డబ్బులిచ్చి ఎక్కాం కదా. వాళ్ళమ్మ చేతి ఏంటి?"

"వాళ్ళమ్మ చేతి అన్నం తినందే మళ్ళీ ఓడెక్కడు," అని గబగబా అనేసి అతను మోటారు తాడు అందుకున్నాడు.

ఒడ్డుకొచ్చాక అందరూ దిగారు. చాలా బావుందని లావుపాటాయన పడవాయన భుజం తట్టి మరీ వెళ్ళాడు. పెద్దకోడలు దిగలేదు.

"సిగ్గులేదా నీకు?" అంది. "చచ్చినవాణ్ణి చూపించి నలుగుర్నీ నవ్విస్తావా? వాడు నీకు ఆటబొమ్మా?"

"మొదట్లో జరిగింది జరిగినట్టే చెప్పేవాణ్ణి వదినా," అన్నాడతను, తాడు చుట్టలు చుడుతూ. "ఒకసారి పడవలో సరిగ్గా వాడంత పిల్లాడు వెక్కివెక్కి ఏడ్చాడు. ఊరుకోబెట్టడానికి, లేదురా, బతికే ఉన్నాడు అన్నాను. అన్నాక ఇంక చంపడానికి నోరు రాలేదు. ఏటికేడాది వాడే పెరిగాడు. మీసాలొచ్చాయి, పనికి కుదిరాడు. పొట్ట కూడా వచ్చింది. నేనేం చెయ్యను?"

ఆమెకి అతన్ని కొట్టాలనిపించింది. ఆ పొట్ట ఎంతుంటుందో అడగాలనీ అనిపించింది. రెండూ మానుకుని తను వచ్చిన పని మీదికి వచ్చింది.

"ఆ కబుర్లు నాకెందుకు. నిజం చెప్పు. ఎవరింట్లో పడుకున్నాడు?"

"మా ఆవిడ పోయేముందు కూడా నీ దగ్గరే అంది."

"అది అలాగే అంటుంది. నేను నిన్నడుగుతున్నాను."

"ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్ళూ నీళ్ళలో దిగి వెతికాను. రెండిళ్ళూ. ఇసుక తప్ప ఏమీ లేదు. తెలీదు వదినా."

"ఒట్టు?"

అతను తాడు చుట్టడం ఆపాడు. "మా ఇంట్లో అని తేలుంటే ఆ రోజే వచ్చి నీ కాళ్ళ మీద పడేవాణ్ణి. మీ ఇంట్లో అని తేలుంటే, తల తెగినా నీకు చెప్పేవాణ్ణి కాదు."

ఆమెకి అర్థమైంది. అతనికి నిజంగానే తెలియకపోవచ్చు. తెలిసి, ఆమె కోసం దాచి ఉండవచ్చు. ఏది నిజమో ఇంక ఎప్పటికీ తేలదు. ఈ లోకంలో అడగడానికి మిగిలిన ఒక్క మనిషీ ఇతనే, ఇతని నోట ఏ జవాబు వచ్చినా తనకి నమ్మకం కుదరదు. అంత దూరం నుంచి దీనికా వచ్చింది! మొహం చేతుల్లో పెట్టుకుని బావురుమంది. అతను దగ్గరికి రాలేదు, దూరంగానూ పోలేదు, తడితాడు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

సన్నగా తుంపర మొదలైంది. తర్వాతి విడత జనం గొడుగులతో రేవు మీదికి వస్తున్నారు.

"దిగు వదినా. ఇంటికెళ్ళి కూర్చో. ఈ ఒక్క విడతా తిప్పి వచ్చేస్తాను."

"ఎక్కించుకో వాళ్ళని," అంది కళ్ళు తుడుచుకుని. "నేనూ వస్తా."

రొట్టెల దుకాణం దగ్గర అతను చేప మాట చెప్పాడు గానీ ఎవరూ నవ్వలేదు, చెప్పిన గొంతులో నవ్వు లేదు మరి. కుర్చీ దగ్గర ఏమీ అనలేదు. ఇళ్ళ దగ్గర మోటారు ఆపి, "ఇవి అన్నదమ్ముల ఇళ్ళు," అని నోరు మూసుకున్నాడు.

కాసేపు చూసి ఒక పెద్దాయన విసుక్కున్నాడు. "ఏదో కథ చెప్తారన్నారే?"

పడవాయన గాజులోకి చూస్తూ తల అడ్డంగా ఊపాడు.

"ఈ రెండిళ్ళకీ కలిపి ఒకడే పిల్లాడండీ," అంది పెద్దకోడలు. అందరూ ఆమె వైపు తిరిగారు. "చిట్టెలుక అనేవాళ్ళం. ఆ రోజు మా ఇంట్లో పడుకున్నాడు. నీళ్ళు రాగానే నేనే చంకనేసుకుని పరిగెత్తాను."

"మీ ఇంట్లో కాదు," అన్నాడు పడవాయన చటుక్కున. "మా ఇంట్లో. ఎత్తుకున్నది నేను."

"నీకేం తెలుసు? కన్నదాన్ని నేను. నా పక్కలోనే ఉన్నాడు."

"నా పక్కలో వదినా. నీ దగ్గర లేడు. నీ దగ్గర లేనే లేడు, నా మాట విను."

"నువ్వూరుకో! నా దగ్గరే ఉన్నాడు."

జనానికి ఇది మహా సరదాగా ఉంది. ఇద్దరు వయసు మళ్ళినవాళ్ళు నడిసముద్రంలో కీచులాడుకుంటుంటే ఎవరికి నవ్వు రాదు? "ముందు మీలో మీరు తేల్చుకోండి," అన్నారెవరో. విసుక్కున్న పెద్దాయన కూడా నవ్వేశాడు. "ఎవరు ఎత్తుకొస్తే ఏముందమ్మా, పిల్లాడు బతికాడు కదా!"

పడవాయన మొహం తిప్పుకున్నాడు.

"బతికాడండీ," అంది పెద్దకోడలు. కళ్ళ నీళ్ళు గాజు మీద పడుతుంటే, వచ్చినవాళ్ళకి ఇల్లు సరిగ్గా కనపడదని అరచేత్తో తుడుస్తూ కూర్చుంది.