రెండు కళ్ళ నిద్ర

పొద్దున్నే షట్టరెత్తి, దూది మూటలు దులిపి, దబ్బనంలోకి దారం ఎక్కించుకోవడం పరుపులామెకి ముప్పయ్యేళ్ళ అలవాటు. పరుపులు అడిగేవాళ్ళు లేక ఇప్పుడు ఆఫీసు కుర్చీలకి మెత్తలు కుడుతోంది. ఆమె ఈడువాళ్ళు తప్ప ఎవరూ పడుకోవడం లేదు మరి. ఆ తర్వాత పుట్టినవాళ్ళంతా ఒక్కో కన్నే మూసి నిద్రపోతారు. ఒకటి కునుకు తీస్తుంటే రెండోది పని చూసుకుంటుంది. అది కనిపెట్టి ఆఫీసులవాళ్ళు ఇరవై గంటల షిఫ్టులు పెట్టారు. కొత్త ఇళ్ళకి పడకగది కట్టడం మానేశారు. జోలపాటలు ఎవరికీ గుర్తులేవు.

ఒక మధ్యాహ్నం కూతురు చంటాణ్ణి చంకనేసుకుని వచ్చింది. ఫోన్ల కంపెనీలో రోజంతా జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం దానిది. బతిమాలితే మూడు గంటలు సెలవిచ్చారట. కుడి కన్ను మూసుకుని ఉంది. తెరిచిన ఎడమ కన్ను చింతనిప్పులా ఉంది.

"ఏంటే, ముఖం అలా పీక్కుపోయింది?"

"వీడు రెండు కళ్ళూ ఒకేసారి మూసేస్తున్నాడమ్మా. పాత రకం అన్నాడు డాక్టరు. ఏడాది నిండేలోపు కళ్ళలో ఈ చుక్కలు వేస్తే దారికొస్తాడట. మంట పుడుతుందట. వీడి తల కదలకుండా నువ్వు పట్టుకుంటావని తీసుకొచ్చా."

"నేనూ మీ నాన్నా పాత రకమేగా. బతకలేదూ?"

"మీ రోజులు వేరు. పూటంతా పడుకునేవాడికి ఉద్యోగం ఎవడిస్తాడు?"

చంటాడు అప్పటికే గుర్రుకొడుతున్నాడు. పరుపులామె కొట్లో అమ్ముడుపోకుండా మిగిలిన ఒకే ఒక్క పరుపుని కింద పరిచి వాణ్ణి పడుకోబెట్టింది.

"లేచాక వేద్దాంలే. నువ్వూ కాస్త నడుం వాల్చు."

"నాకెందుకమ్మా?" అంటూనే కూతురు వాడి పక్కన ఒరిగింది. వాడు నిద్రలోనే దాని వేలు పట్టుకున్నాడు. కాసేపటికి దాని ఎడమ కన్ను కూడా మూతపడింది. కుడిది తెరుచుకోలేదు.

పరుపులామె చేతిలో దబ్బనం ఆగిపోయింది. పురిటిగుడ్డుగా ఉన్నప్పుడు కూడా ఒంటికన్నుతో తననే చూస్తూ ఉండేది ఈ పిల్ల. ఇరవయ్యారేళ్ళలో దీని రెండు కళ్ళూ మూతపడి ఉండగా చూడ్డం ఇదే మొదలు.

మూడు గంటలూ దాటాయి. కూతురి ఫోను మోగింది. లేపకపోతే ఉద్యోగం ఊడుతుందని ఆమెకి తెలుసు. ఫోను తీసుకెళ్ళి దూది మూట కింద దోపేసింది.

కూతురు తెల్లవారాక లేచింది. ఉలిక్కిపడి రెండు కళ్ళతో చుట్టూ వెతికింది.

"నాన్నేడమ్మా?"

ఆయన పోయి పద్నాలుగేళ్ళు.

"ఇప్పుడే ఇక్కడే కూర్చున్నాడు. నా జుట్టు దువ్వాడు. చిక్కు రాక దువ్వెనని తిట్టుకుంటున్నాడు."

"కలే అది. పడుకుంటే వస్తాయి."

కూతురికి ఏడుపు ఆగలేదు. "రోజూ వస్తాడా?"

"రాడు. ఎప్పుడో."

ముఖం తుడుచుకుని ఫోను వెతికింది. దొరికాక చూస్తే, దాని కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టినట్టు మెసేజ్ ఉంది.

"నువ్వే దాచావు కదూ?"

"ఊఁ."

కూతురు ఫోను పరుపు మీద విసిరేసింది. చంటాడి వైపు తిరిగి, "వీడికీ వస్తాయా అలాంటివి?" అని అడిగింది.

"నిద్రలో నవ్వుతుంటాడు చూడు. ఏవో వస్తూనే ఉంటాయి."

సాయంత్రం, తను నడిపే బస్సుని స్టాండులో పెట్టి అల్లుడు వచ్చాడు. వస్తూనే, "చుక్కలు వేశారా?" అన్నాడు.

"వెయ్యలేదు. వెయ్యను కూడా," అంది కూతురు.

"మరి పెద్దయ్యాక వీడేం చేసి బతుకుతాడే?"

"నాకేం తెలుసు? నా ఉద్యోగమే పోయింది."

అల్లుడు తెరిచున్న ఒక్క కంటితో దాన్ని ఎగాదిగా చూశాడు. తిట్టడానికి కూడా ఓపిక లేనట్టు గోడకి జారగిలబడ్డాడు. కూతురు చంటాణ్ణి కాస్త జరిపి పరుపు మీద చోటు చేసింది.

"బస్సుకి ఇంకెంతసేపుంది?"

"ఇరవై నిమిషాలు. నాకిలా పడుకోవడం రాదే."

"నాకూ రాదనుకున్నా."

"ఇరవై నిమిషాలకి లేపండత్తయ్యా," అన్నాడు అల్లుడు, బూట్లయినా విప్పకుండా నడుం వాలుస్తూ.