ముందొచ్చిన గోల్

నా తోడల్లుడికి నేను మనసులో పెట్టుకున్న పేరు ప్యాకేజీ. నోరు తెరిస్తే అదే మాట. స్పోర్ట్స్ ప్యాకేజీ, సినిమా ప్యాకేజీ, పిల్లల ప్యాకేజీ. పే ఛానళ్ళ డబ్బాలు అమ్ముతాడు. నేను డాబాల మీద యాంటెనాలు బిగిస్తాను. ఒకసారి బిగిస్తే ఆ ఇంటివాళ్ళు ఉచితంగా చూసుకోవచ్చు, నన్ను మర్చిపోనూ వచ్చు. మర్చిపోయారు కూడా. నేను నిలబెట్టిన గొట్టాలకే ఇప్పుడు అతని డిష్‌లు బిగిస్తున్నారు.

అంతవరకూ ఓర్చుకోవచ్చు. మా రెండు వాటాలకీ మధ్య ఒకటే గోడ. అక్కాచెల్లెళ్ళు పక్కపక్కన ఉండాలని మావగారు ముచ్చటపడి చూసిపెట్టారు. అవతల గోడంత టీవీ. ఇప్పుడు మావగారు వస్తే చెప్పులు అతని గుమ్మం ముందే విడుస్తారు. మా ఆవిడ సీరియళ్ళ కోసం అక్కడే మకాం. వాళ్ళు వెళితే నాకేం పోలేదు. నా కూతురు కూడా వెళ్ళడం మొదలుపెట్టాకే కడుపు మండుతోంది.

దానికి ఫుట్‌బాల్ నేర్పింది నేను. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో అగ్గిపుల్లలు పేర్చి చెప్పాను. లీగ్ మ్యాచ్‌లన్నీ పే ఛానళ్ళు కొనేసుకున్నాక ఒక ఆదివారం బాబాయి వాళ్ళింట్లో చూసొస్తానని అడిగి వెళ్ళింది. తర్వాత అడగడం కూడా మానేసింది.

అందుకే ఫైనల్ కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాను. ఆ ఒక్క మ్యాచ్ మాత్రం ఉచిత ఛానల్లో కూడా వెయ్యాలని నిబంధన. పొద్దున్నే డాబా ఎక్కి యాంటెనా తుడిచి, అటూ ఇటూ తిప్పి, బొమ్మ అద్దంలా వచ్చేలా చేశాను. సోఫాలో దాని చోటు ఖాళీగా ఉంచాను. మ్యాచ్ వేళకి అది జట్టు చొక్కా వేసుకుని గదిలోంచి వచ్చి, తాతయ్య కూడా వచ్చారు నువ్వూ రా నాన్నా అంటూ చెప్పులేసుకుంది. ఇక్కడా వస్తుందిగా అన్నాను. అక్కడైతే పెద్దగా కనబడుతుందట. దాని వెనకే మా ఆవిడా వెళ్ళింది.

నేను వెళ్ళలేదు. వెళ్ళి ఆ ప్యాకేజీగాడి ఇంట్లో మూలన కుర్చీ వేయించుకోవాలా?

మొదటి గోల్ మనవాళ్ళదే. ఒంటరిగానే ఎగిరి అరిచాను. అవతల చడీచప్పుడూ లేదు. ఇదేమిట్రా అనుకునేలోపు గోడ దద్దరిల్లింది. అప్పుడు వెలిగింది నాకు. నా బొమ్మ ఊరి చివరి టవర్ నుంచి తిన్నగా వస్తుంది. అతనిది ఉపగ్రహం దాకా పోయి, దిగొచ్చి, డబ్బాలో తాళం తీయించుకుని తెర మీదకి వచ్చేసరికి నాలుగైదు క్షణాలు ఆలస్యం. డబ్బు పోసి కొనుక్కున్నవాళ్ళు నా వెనకాల చూస్తున్నారు. నా ఆనందం ఇంతా అంతా కాదు.

ఇక నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. అవతలి జట్టు గోల్ కొడితే "అయ్యో, పోయింది" అని గోడకి చెప్పాను. మనవాడు గురి తప్పితే వినబడేలా నిట్టూర్చాను. స్కోరు సమమై పెనాల్టీల దాకా వచ్చేసరికి మావగారు గోడ మీద చేత్తో బాదుతున్నారు. తోడల్లుడు తన డబ్బాని తానే తిట్టుకుంటుంటే నా ప్రాణం హాయిగా ఉంది.

తలుపు తోసుకుని కూతురొచ్చింది. నా దగ్గరికే వచ్చిందనుకుని సోఫాలో దిండు జరిపాను. అది కూర్చోలేదు. కళ్ళల్లో నీళ్ళు.

"అన్నీ నువ్వే ముందు చెప్పేస్తున్నావు నాన్నా. నాకు చూడ్డానికి ఏం మిగలట్లేదు."

ఇక్కడే ఉండిపో, నీకూ ముందే కనబడుతుందన్నాను. అక్కడ అందరూ చేతులు పట్టుకుని కూర్చున్నారట. ఎవరు లేచినా జట్టు ఓడిపోతుందని బాబాయి అంటున్నాడట. పరుగున వెళ్ళిపోయింది.

ఆఖరి పెనాల్టీ. కొడితే కప్పు మనది. మనవాడు పరుగెత్తాడు, తన్నాడు, వల ఊగింది.

గొంతు దాకా వచ్చిన అరుపుని రెండు చేతులతో నోరు మూసుకుని ఆపాను. అవతల వాళ్ళ టీవీలో అతనింకా పరుగే మొదలుపెట్టలేదు. "కొట్టు, కొట్టు" అంటోంది నా కూతురు. ఆ కాసేపూ దానికి వదిలేశాను. గెలిచామని ఆ రెండిళ్ళలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

అప్పుడు అవతలి ఇల్లు ఎగిరిపడింది. అన్ని గొంతుల మీదా దాని గొంతే వినబడింది.

"బాబాయ్, గెలిచాం బాబాయ్."

నేనూ అప్పుడే చూసినట్టు, గోడకి ఇవతల నుంచి గట్టిగా అరిచాను.