రెండు గీతల నీళ్లు

కాలువ మీద తూము తలుపు ఎత్తి దించడం నా పని. ఇనప చక్రం తిప్పితే తలుపు లేస్తుంది, పై పొలాలకి నీళ్లు మళ్లుతాయి. దించితే ఆ నీళ్లు కిందికి, శివారు పొలాలకి పోతాయి. వారంలో నాలుగు రోజులు పైవాళ్ల వంతు, మూడు రోజులు శివారువాళ్ల వంతు. తూము పక్కన రాతి స్తంభం మీద తెల్ల గీతలుంటాయి. నీళ్లు ఏ గీత దాకా ఉన్నాయో చూసి వంతుల పుస్తకంలో రాస్తాను. ఎవరైనా వచ్చి "మాకు తక్కువొచ్చింది" అని ఎగిరితే నేను మాట్లాడను. స్తంభం వైపు వేలు చూపిస్తాను. ఇరవై రెండేళ్లుగా నా నోటికంటే వేలికే పనెక్కువ.

అలాంటివాణ్ణి పట్టుకుని మా అక్క ఒక తీర్పు చెప్పమంది.

దాని కూతురికి పట్నంలో రెండు యూనివర్సిటీల్లో సీటొచ్చింది. రెండుచోట్లా రాజనీతి శాస్త్రమే. శనివారం సాయంత్రంలోగా ఏదో ఒకటి ఖాయం చెయ్యాలి. బావ లారీ వేసుకుని ఎక్కడో దూరాన ఉన్నాడు.

"నువ్వు వెంట వెళ్లిరారా. నువ్వు మాట్లాడవు గానీ అన్నీ చూస్తావు" అంది అక్క.

"చదివేది తను కదా."

"పొద్దున ఒకటి బాగుందంటుంది, అన్నం దగ్గర ఇంకొకటి అంటుంది. దాంతో వాదించి నా నోరు పడిపోయింది."

ఇంట్లో ఆ పిల్లని ప్లీడరు అంటాం. పదిహేడేళ్లు. నాకు క్యారేజీ తెచ్చేటప్పుడు కూడా తూము దగ్గర ఎవరు తగువు పడుతుంటే వాళ్ల మధ్యలో దూరేది.

శుక్రవారం పొద్దున్నే బస్సెక్కాం.

"మామయ్యా, చివరికి నువ్వు ఏది చెప్తే అదే" అంది.

"నేను చెప్పను."

"మరెందుకొస్తున్నావు?"

"సంచి మొయ్యడానికి."

మొదటిది గుట్ట మీద ఉంది. పెద్ద గేటు, అద్దాల లైబ్రరీ, లోపలే హాస్టలు. మాలాంటి వాళ్ల కోసం ఒకాయన నవ్వుతూ కాచుకుని ఉన్నాడు. టీ ఇచ్చారు, బిస్కట్లు ఇచ్చారు, రంగుల పుస్తకం ఇచ్చారు. ఇక్కడ చదివినవాళ్లు ఎంతెంత పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారో గోడ నిండా ఫొటోలు. తరగతిలో మమ్మల్ని వెనక కూర్చోబెట్టారు. ప్రొఫెసరు యాభై నిమిషాలు మంచినీళ్లు తాగకుండా చెప్పాడు. చక్కగా చెప్పాడు, నాక్కూడా సగం అర్థమైంది. పిల్లలు తల వంచుకుని రాసుకున్నారు. ఒక్కరూ తలెత్తలేదు. బల్లల మీద ఒక గీతైనా లేదు, షాపులోంచి నిన్ననే దించినట్టున్నాయి.

"బాగుంది కదా మామయ్యా?"

"హాస్టలు బాగుంది" అన్నాను. నిజంగానే బాగుంది. అక్క అయితే ఆ హాస్టలు చూసి అక్కడికక్కడే సంతకం పెట్టేసేది.

రెండోది పాత బస్టాండు వెనక సందులో. కింద జిరాక్సు షాపులు, సైకిళ్లు. హాస్టలు లేదు, బయట గది తీసుకుని రెండు బస్సులు మారాలి. మెట్లు మధ్యలో గుంటలు పడి ఉన్నాయి. వరండా స్తంభాలకి మోచెయ్యి ఎత్తున సున్నం పోయి నున్నగా మెరుస్తోంది. ఎన్నేళ్లు ఎంతమంది ఆనుకుని నిలబడి మాట్లాడుకుంటే రాయి అలా అవుతుందో నాకు తెలుసు. మా తూము దగ్గరి రాయీ అంతే.

ఇక్కడ మాకోసం ఎవరూ కాచుకుని లేరు. అడుగుతూ అడుగుతూ వెళితే ఒక తరగతిలో ఖాళీ ఉన్న చోట కూర్చోమన్నారు. ప్లీడరుకి ముందు బల్ల దొరికింది, నాకు వెనక మూల.

పాఠం చెప్పే మేడం పొట్టి మనిషి, గొంతు మాత్రం గది దాటి వినిపిస్తోంది. కొత్తగా వచ్చినవాళ్లని అడిగింది. "మీ ఊళ్లో అధికారం ఎవరి చేతిలో ఉంది?"

ఒకడు ప్రెసిడెంటన్నాడు. ఒకమ్మాయి డబ్బున్నవాళ్లంది.

"మా మామయ్య చేతిలో ఉందండీ" అంది మా ప్లీడరు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను.

"నిజమండీ. ఆయన దగ్గర ఒక ఇనప చక్రం ఉంటుంది" అని మొదలుపెట్టింది. వంతుల సంగతి, గీతల సంగతి చెప్పింది. తర్వాత ఇలా అంది. "మూడేళ్ల కిందట వానల్లేవు. కాలువలో నీళ్లు సన్నగా వచ్చేవి, శివారు పొలాల దాకా పోయేవి కావు. అప్పుడు పైవాళ్ల వంతు రోజుల్లో మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ మా మామయ్య తలుపు కాస్త దించేవాడు. ఆరు గీతలుండాల్సింది నాలుగే ఉండేవి. రెండు గీతల నీళ్లు కిందికి పోయేవి. అలా తొమ్మిది మధ్యాహ్నాలు. పుస్తకంలో మాత్రం ఆరని రాసేవాడు."

నా చేతిలో సంచి ఉంది. దాన్ని నెమ్మదిగా కింద పెట్టాను. ఆ సంగతి ఈ లోకంలో నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను.

"అది దొంగతనం" అన్నాడు ఒక ఉంగరాల జుట్టు అబ్బాయి.

"పైరు ఎండిపోతుంటే చూస్తూ కూర్చోవాలా? నీకు పొలముందా అసలు?" అంది పక్కమ్మాయి.

"లేదు. నీకుందా?"

"మా తాతకుండేది."

"అయితే మీ తాతని మాట్లాడమను. ఆయన మంచోడు కాబట్టి సరిపోయింది. రేపు ఆ చక్రం దగ్గరికి ఇంకోడొస్తాడు. వాడు కూడా ఆరని రాసి ఎవరికిష్టమైతే వాళ్లకి వదులుతాడు. అప్పుడు ఏమంటావు?"

గది రెండుగా చీలింది. కొందరు నన్ను దేవుణ్ణి చేశారు, కొందరు జైల్లో పెట్టారు. మా ప్లీడరు రెండు పక్షాల తరఫునా వాదించింది.

"సరే. ఆయనే ఇక్కడుంటే ఏమడుగుతారు?" అంది మేడం.

అప్పుడు గుర్తొచ్చింది పిల్లకి. వెనక్కి తిరిగింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

మేడం ఆ చూపు వెంట నన్ను చూసింది. లేచి నిలబడ్డాను. "నేనేనండీ ఆ మామయ్యని" అన్నాను.

ఉంగరాల జుట్టు అబ్బాయి కూర్చుండిపోతాడనుకున్నాను. వాడు లేచి నిలబడ్డాడు. గొంతు వణికింది గానీ అడిగాడు. "పుస్తకంలో ఎందుకు రాయలేదండీ?"

"రాస్తే గొడవవుతుందని."

"గొడవ కావాల్సిందేనేమోనండీ. మీరు చెప్తే పైవాళ్లలో కొందరైనా ఒప్పుకునేవాళ్లేమో. వాళ్లకి ఆ వీలే లేకుండా పోయింది కదా."

స్తంభం కోసం వెతికాను, వేలు చూపించడానికి. అక్కడ స్తంభం లేదు. గంట కొట్టారు.

బస్టాపులో పిల్ల చెప్పుల వైపు చూసుకుంటూ అంది.

"నేను గుట్ట మీద దాంట్లోనే చేరతాను మామయ్యా."

"ఎందుకు?"

"నా నోరు మంచిది కాదు. నిన్ను పదిమందిలో నిలబెట్టాను. అక్కడైతే బుద్ధిగా రాసుకుని వచ్చేస్తాను."

బస్సొచ్చింది. వెనక సీట్లో కూర్చున్నాం. బస్సు పట్నం పొలిమేర దాటింది.

"ఎప్పుడు చూశావు?" అనడిగాను.

"మొదటి రోజే. క్యారేజీ తెచ్చినప్పుడు. స్తంభం మీద తడి ఆరో గీత దాకా ఉంది, నీళ్లు నాలుగు దగ్గరే ఉన్నాయి, పుస్తకంలో ఆరని ఉంది."

"మరి ఎవరికీ చెప్పలేదే?"

"నువ్వే చెప్తావని చూశాను."

ఆ మాట తరగతిలో అన్న మాటలన్నిటికంటే లోపలికి దిగింది. పద్నాలుగేళ్ల పిల్ల రోజూ నాకు అన్నం తెచ్చిపెట్టి, మూడేళ్లు నా నోటి వైపు చూసింది.

"గుట్ట మీదవాళ్లు నాకు టీ ఇచ్చారు" అన్నాను. "సందులోవాళ్లు నన్ను ప్రశ్న అడిగారు. ఆ కుర్రాడు భయపడుతూనే లేచి అడిగాడు, చూశావా? ఇరవై రెండేళ్లలో నన్నెవరూ అలా అడగలేదు. సందులో దాంట్లో చేరు."

"నీకు కోపం లేదా?"

"ఉంది. అది నా గొడవ. నువ్వు చేరు."

"చెప్పనన్నావుగా?"

"చెప్పాను."

ఆమె ఫోను తీసింది. గతుకుల రోడ్డు మీద రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి ఖాయం చేసింది. ఇంటికెళ్లగానే అక్క గుమ్మంలోనే అడిగింది, ఏది తేల్చారని.

"మామయ్యని బోనెక్కించిన దాన్ని" అంది పిల్ల.

"హాస్టలుందా?"

"లేదు" అన్నాను. అక్క ఇద్దర్నీ వాయించింది. న్యాయంగానే వాయించింది.

ఆదివారం పొద్దున తూము దగ్గర వంతులు ఖాయం చేసుకోడానికి పైవాళ్లూ శివారువాళ్లూ చేరారు. పుస్తకం తెరవకుండా లేచి నిలబడ్డాను. నేను లేస్తే వేలు చూపిస్తాననుకుని అందరూ స్తంభం వైపు తిరిగారు. తొమ్మిది మధ్యాహ్నాల సంగతి చెప్పాను.

పైవాళ్ల పెద్ద నన్ను కిందికీ మీదికీ చూశాడు. "మూడేళ్లూరుకుని ఇప్పుడెందుకు చెప్తున్నావయ్యా?"

"మా పిల్లకి సీటొచ్చింది" అన్నాను.

గొడవయింది. ఎండెక్కేదాకా అయింది. నేను రాయికి ఆనుకుని, ఒక్క మాటా పోకుండా విన్నాను.