గాజు కూజాలో అవిసె నూనె

...అయినా ఆ మనిషి ఒక్కసారైనా మోచేతి దాకా నూనెలో చెయ్యి ముంచి ఉంటాడా? డబ్బా మూత తియ్యగానే వచ్చే వాసన వేరు, దాని వెనక దాక్కుని ఆలస్యంగా వచ్చే వాసన వేరు అని వాడికి ఎవరైనా చెప్పి ఉంటారా? ముప్పై ఏళ్ళు కూడా నిండని ముఖం. తెల్లటి బూట్లు. వాడు నూనెల గురించి పాఠం చెబుతాడట, బేబీ కళ్ళు మూసుకుని వింటుందట. వింటుందట ఏమిటి, తన కళ్ళతోనే చూశాడు కదా.

గురుమూర్తి ఇడ్లీ ముక్క తుంచాడు గాని నోట్లో పెట్టుకోలేదు.

బల్లకు అవతల అతని భార్య కూర్చుని ఉంది. యాభై రెండేళ్ళ మనిషికి బేబీ అని పేరేమిటని కొత్తవాళ్ళు నవ్వుతారు. ఆరుగురు అన్నల తర్వాత పుట్టిన ఆడపిల్లకు ఆ ఇంట్లో ఎవరికీ వేరే పేరు తట్టలేదు. ఆమె ముందు గిన్నెలో కీరా ముక్కలు, మొలకెత్తిన పెసలు, గుప్పెడు దానిమ్మ గింజలు ఉన్నాయి. ఆమె చెయ్యి చాపి, కిటికీ గట్టు మీదున్న గాజు కూజా అందుకుని, ఒక చెంచా అవిసె నూనె కొలిచి గిన్నెలో పోసుకుంది.

వాసన బల్ల దాటి వచ్చి అతన్ని తాకింది. కొత్తగా రంగు వేసిన తలుపు దగ్గర నిలబడినట్టుంది. ఎనిమిది రోజులుగా అదే వాసన. నిన్నటికన్నా ఇవాళ ఎక్కువ.

బేబీ మొదటి ముద్ద నమిలి కళ్ళు చిట్లించింది. కష్టపడి మింగింది.

"అట్లా చూస్తారేంది? మీరూ రొంత తినండి."

"నాకొద్దులే."

"ఔను, మీకెందుకు! మీకు కారప్పొడి నూనెలో ఈత కొట్టాల." ఆమె నవ్వి ఇంకో ముద్ద తీసుకుంది.

మార్చిలో ఆమె రక్తపరీక్షలో కొవ్వు ఎక్కువని తేలింది. నూనెల సంగతి చూసుకోమన్నాడు డాక్టరు. ఆ సాయంత్రం మెట్రోలో మహదేవపురలోని ఇంటికి తిరిగి వస్తున్నంత సేపూ, ఆమె ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అని గురుమూర్తి ఎదురుచూశాడు. కాటన్‌పేటలో అతని తాత పెట్టిన నూనె అంగడి. ముప్పై ఏళ్ళుగా అతనే కూర్చుంటున్నాడు. హోటళ్ళ వాళ్ళు, మిఠాయి వాళ్ళు, పెళ్ళి వంటల వాళ్ళు అతన్ని అడిగి గాని డబ్బా ఎత్తరు. బేబీ అడగలేదు. ఆ శనివారం అపార్ట్‌మెంట్ క్లబ్ హౌసులో ఆహారం మీద క్లాసు ఉందని తెలిసి అక్కడికి వెళ్ళింది. చెప్పేవాడు నంద్యాల నుంచి వచ్చిన ఓంకార్. ఒకప్పుడు కుందలహళ్ళిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, అది మానేసి, ఇప్పుడు ఎవరేం తినాలో చెబుతున్నాడు.

అతను రాసిచ్చిన కాగితాన్ని ఆమె ఫ్రిజ్ తలుపుకి అంటించింది. తాలింపుకు గానుగాడిన వేరుశనగ నూనె, లేకపోతే నువ్వుల నూనె. పొగ లేచేదాకా కాచవద్దు. ఒకసారి వేయించిన నూనె మళ్ళీ వాడవద్దు. సలాడ్‌లో పచ్చిగా ఆలివ్ నూనె గాని, అవిసె నూనె గాని. ఏడాది పొడుగునా ఒకే నూనె పట్టుకుని కూర్చోవద్దు. ఏ నూనె అయినా చెంచాతో కొలిచే పోయాలి. గురుమూర్తి అందులో తప్పు కోసం రెండుసార్లు వెతికాడు. దొరకలేదు. దొరికి ఉంటే ఇంత మంట ఉండేది కాదు. ఇందులో సగం మాటలు అతను అంగట్లో ఎందరికో చెప్పినవే. ఇంట్లో చెప్పలేదు, అంతే.

ఎలా చెబుతాడు? పెళ్ళయిన కొత్తలో ఆమె అతని చొక్కాల్ని తన బట్టల్లో కలవనిచ్చేది కాదు, వేరే బకెట్లో వేడినీళ్ళు పోసి నానబెట్టేది. పడుకున్నాక, "స్నానం చేసినా పోలేదు చూడండి నూనె వాసన," అని గోడ వైపు తిరిగేది. కోపంతో కాదు, మామూలుగానే అనేది. ఆ మామూలుతనమే అతని లోపల ఎక్కడో ఇరుక్కుపోయింది. అప్పటినుంచి అతను రెండుసార్లు స్నానం చేసేవాడు, అంగడి కబుర్లు గుమ్మం బయటే వదిలేసేవాడు. రెండేళ్ళ క్రితం ఈ ఫ్లాటుకి మారినప్పుడు ఆమె బాల్కనీలో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చి, "ఈడ గాలి ఎంత బాగుండాది!" అంది. ఆ మాటలో తనకేదో చెప్పినట్టనిపించింది అతనికి.

అలాంటి మనిషి ఆ శనివారం క్లబ్ హౌసు అద్దం అవతల, కాగితం చెంచాలో వాడు పోసిచ్చిన నూనెను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ముఖం ఎంత మెత్తబడిందో! "సూపర్, బేబీ మేడం! మీ ముక్కు భలే షార్ప్!" అన్నాడు ఓంకార్. బేబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కూరగాయల సంచితో బయట నిలబడిన గురుమూర్తికి వాడి వయసు గుర్తొచ్చింది. కొడుకు వయసే. అయితే ఏం? వాడు ఆమెను ఎత్తుకుపోతాడన్న భయం కాదు ఇది. తనకు మూసుకుపోయిన తలుపు వాడికి ఒక్క చెంచాతో తెరుచుకుంది.

మర్నాడే ఆమె అవిసె నూనె కొనుక్కొచ్చింది. నల్ల సీసాలో బాగాలేదని, పారదర్శకంగా ఉన్న గాజు కూజాలోకి ఒంపి, పొయ్యి పక్కన ఎండ పడే కిటికీలో పెట్టింది.

"చూడండి, బంగారం మాదిరి ఉండాది."

గురుమూర్తికి ఆ క్షణానే తెలుసు. వెలుతురు తగలకూడని నూనె. వేడి తగలకూడని నూనె. నల్ల సీసాలోనే ఉంచి ఫ్రిజ్‌లో పెట్టమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఓంకార్ సార్ చెప్పలేదే అంటుందేమో అనిపించింది. తను చెప్పకపోతే ఇంకా మంచిది అనిపించింది. పాడు కానీ. వాడి నూనె వాడి పేరు మీదే పాడు కానీ. మాటను మింగేశాడు.

రెండు వారాలకు నూనె పాడయింది. ఆమె మూతి విరుస్తుందని, కూజా సింకులో ఒంపేసి ఓంకార్‌ను తిడుతుందని అతను అనుకున్నాడు. ఆమె అలాంటిదేమీ చెయ్యలేదు. చేదుగా ఉంది కాబట్టి మందులా పనిచేస్తుందని నమ్మింది. కూజాలో మట్టం దిగే కొద్దీ ఆమె నమ్మకం పెరిగింది. రోజూ పొద్దున అతను ఎదురుగా కూర్చుని ఆమె మింగడం చూశాడు. నాలుగో రోజున కూజా వైపు చూస్తూ, ఇంకా ఎన్నాళ్ళు వస్తుందా అని తను లెక్కవేస్తున్నట్టు గమనించాడు. అయినా నోరు తెరవలేదు. ఇప్పుడు చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటుంది.

నిన్న అంగడికి నంజమ్మ వచ్చింది. సందు చివర మెస్ నడిపే మనిషి. కొత్తగా వచ్చిన డబ్బా నుంచి గురుమూర్తి ఆమె అరచేతిలో రెండు చుక్కలు వేశాడు. ఆమె రెండు చేతులూ వేడెక్కేదాకా రుద్దుకుని వాసన చూసింది.

"బాగుండాది శెట్రే. నాకు చేతిలో వేసి చూపిస్తారు సరే, ఇంట్లో అక్కకు కూడా ఇట్లే చూపిస్తారా?"

"ఎందుకు చూపించను?" అన్నాడు.

"అబ్బో! అందుకే ఆమె ముఖం అంత కళగా ఉండాది!" అని నంజమ్మ పెద్దగా నవ్వి డబ్బా ఆటోలో పెట్టించింది. గురుమూర్తి వేళ్ళకంటిన నూనెను గుడ్డతో తుడుచుకుని లెక్కల పుస్తకం తెరిచాడు.

బేబీ చెంచా కింద పెట్టింది. అరచేత్తో రొమ్ము మీద రాసుకుంది.

"రెండు దినాల్నుంచి ఈడ మంటగా ఉండాది. తేపులు కూడా ఇదే వాసన."

అతని చేతిలో ఇడ్లీ ముక్క పొడిపొడి అయింది. "తినడం మానెయ్యి అట్లయితే."

"సుమ్నే ఊరుకోండి. మధ్యలో మానేస్తే ఎట్లా?" ఆమె ఫోను తీసుకుని పెదవుల దగ్గర పెట్టుకుంది. "ఓంకార్ సార్, నేను బేబీని. అవిసె నూనె చానా చేదుగా ఉండాది సార్, రొమ్ములో మంట కూడా వస్తా ఉండాది. ఇట్లే ఉంటాదా, ఏమైనా అయిందా? రొంత చెప్పండి సార్."

పంపింది. ఫోను బల్ల మీద పెట్టి కాసేపు దాని వంకే చూసింది. తర్వాత తలెత్తింది.

"ఆయన క్లాసులో ఉంటాడేమో ఇప్పుడు. మీరన్నా చెప్పకూడదా? ఇంత కాలం నూనెలోనే ఉండారు కదా. ఇది చేదుగా ఉండొచ్చునా?"

ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన ప్రశ్న. వచ్చింది, వాడి తర్వాత వచ్చింది. వాడు క్లాసులో ఉండబట్టి వచ్చింది. వాడు ఒక్క నిమిషంలో జవాబు పంపుతాడు. ఫ్రిజ్‌లో పెట్టలేదా మేడం, పారెయ్యండి అంటాడు. ఆమె పారేస్తుంది. వాడు మరింత గొప్పవాడవుతాడు. తను ఇక్కడే ఇలాగే కూర్చుని ఉంటాడు, ఎనిమిది రోజుల మౌనంతో, ఎవరికీ తెలియకుండా. క్షేమంగా.

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు విన్నాక గాని తను లేచినట్టు అతనికి తెలియలేదు. ఆమె కోసం లేచాడో, వాడి జవాబు ముందొస్తుందని లేచాడో తేల్చుకోలేకపోయాడు. ఎప్పట్నుంచి తెలుసని అడుగుతుంది. అడగనీ.

"చెయ్యి ఇట్లియ్యి."

"ఏంది?"

"ఇయ్యి బేబీ."

ఆమె వింతగా చూస్తూ అరచెయ్యి చాపింది. అతను కూజా వంచి రెండు చుక్కలు వేశాడు. తన బొటనవేలితో, గుండ్రంగా, ఆ చర్మం వేడెక్కేదాకా రుద్దాడు. ఆమె చెయ్యి ఇంత మెత్తన అన్న సంగతి మరచిపోయి ఉన్నాడు.

"మొదట వచ్చేది కాదు. దాని వెనక ఇంకోటి వస్తాది. అది చూడు."

బల్ల మీద ఫోను ఒక్కసారి వణికింది. బేబీ తల అటు తిప్పబోయింది. గురుమూర్తి ఆ చేతిని వదలకుండా, ఆమె ముక్కు దగ్గరికి ఎత్తి పట్టుకున్నాడు.